గిన్నె ఇంటిది, ఠోంగా బజారుది

మొన్న మా మనవడు చేగోడీల పొట్లం ఒకటి తెచ్చాడు. మెరిసే కాగితం, లోపల సగం గాలి. పైన ఎర్ర పట్టీ మీద 'అదనం ఉచితం' అని అచ్చేసి ఉంది. వాడు కామర్సు చదువుతున్నాడు. సరుకుకి ధర ఎలా కట్టాలి, కొనేవాణ్ని ఎలా ఆపాలి, పనివాళ్ళతో పని ఎలా చేయించుకోవాలి, ఇవన్నీ వాడి పుస్తకంలో పాఠాలట. పరీక్షలు దగ్గరపడ్డాయని నా మంచం పక్కనే కూర్చుని గట్టిగా వల్లె వేస్తుంటాడు. నాకు కునుకు పట్టదు, వాడికి పాఠం పట్టదు.

"ఈ అదనం ఎవరిచ్చార్రా?" అని అడిగాను.

"కంపెనీ ఇచ్చింది అమ్మమ్మా."

"నీ చేతిలో పెట్టిందా?"

వాడు నావైపు జాలిగా చూశాడు. ఆ చూపు చూస్తే నాకు ఒళ్ళు మండింది. "అచ్చేసి ఊరందరికీ ఇచ్చేది కొసరు కాదు నాయనా, అది కొలతే. కొసరంటే కొలత అయిపోయాక నీ మొహం చూసి నీ చేతిలో పెట్టేది" అన్నాను. ఒక చేగోడీ నోట్లో వేసుకున్నాను. కరకరలాడింది గానీ వాము లేదు. వాము వెయ్యని చేగోడీని చేగోడీ అని పిలవడానికి వీళ్ళకి ఎంత ధైర్యం! వాడి పుస్తకంలోని పాఠాలన్నీ మా అమ్మ ఒక్క వానాకాలంలో నేర్చుకుంది. ఆవిడకి సంతకం కూడా రాదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

మేం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అణాలు పోయి నయా పైసలు వచ్చిన కొత్త. మా వరసలో అందరూ శ్రీకాకుళం వైపు నించి వచ్చినవాళ్ళే. తెల్లారేసరికి ప్రతి వాకిట్లోనూ రాక్షసి బొగ్గు పొయ్యి రాజుకునేది. ఆ పొగ కళ్ళల్లో మంట పెట్టినా, దాని వెనకే వచ్చే చద్దన్నం, ఉల్లిపాయ వాసన కోసం మేం పొగలోనే కూర్చునేవాళ్ళం. వర్క్‌షాపు సైరన్ మా ఊరి గడియారం. సైరన్ కూస్తే మగాళ్ళు సైకిళ్ళెక్కేవారు, మళ్ళీ కూస్తే అమ్మలు ఎసరు పెట్టేవారు. మా పసివాళ్ళ పాలు కూడా సైరన్ కే కాగేవి.

మా నాన్న ఇంజను మీద ఫైర్‌మన్. ఆ ఏడు వేసవిలో కళ్ళ పరీక్షలో తప్పాడు. ఎవరి తప్పూ లేదు, చూపు మందగించింది. ఇంజను దింపి స్టోర్సులో కూర్చోబెట్టారు. జీతం ఉంది గానీ, బండి మీద తిరిగినందుకు వచ్చే పై డబ్బు పోయింది. ఇంట్లో నాన్నమ్మ, నేను, నా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. నాన్న మాట్లాడటం మానేశాడు. బండి కూత వినిపిస్తే తలెత్తి, మళ్ళీ దించుకునేవాడు.

నాన్నమ్మే తేల్చింది. "పూజల సెలవులకి పాసు రాయించు. నాను గుంటని అట్టుకుని ఊరెల్తాను. దాని పెదనాన్న ఇంట్లో నాలుగు మెతుకులు తిని, నాలుగు పనులు సేసుకుంటాది. తిరిగొచ్చేటప్పుడు నానొక్కద్దాన్నే వొస్తాను."

గుంట అంటే నేనే. పూజలంటే అక్కడ దసరా, పాసంటే రైల్వే వాళ్ళకిచ్చే ఉచిత టిక్కెట్టు. అప్పుడు ఆరో తరగతిలో ఉన్నాను. ఊళ్ళో ఆడపిల్లలకి అయిదుతో చదువు సరి.  నేను అమ్మ మొహం చూశాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, "పూజల దాకా నాకు టైమియ్యి అత్తా" అంది.

"టైమిచ్చి ఏటి సేస్తావే?"

"గుంట ఖర్చు నాను తెస్తాను. తేలేకపోతే అప్పుడు తీసుకెల్లు. నానే జడేసి పంపుతాను."

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. జడేసి పంపుతాననడం ఏమిటి? అమ్మ మీద కోపంతో ఆ పూట అన్నం మానేశాను. సాయంత్రానికి ఆకలేసి తినేశాను.

మా అమ్మకి వచ్చిన విద్య ఒక్కటే, చేగోడీలు. బియ్యప్పిండి ఉడికించి, పెసరపప్పు, నువ్వులు, వాము, కారం కలిపి, వేలికి చుట్టి నువ్వులనూనెలో వేయించేది. గోల్‌బజార్‌లో ఒక బట్టల కొట్టు ఉండేది. కొట్టు యజమాని బెంగాలీ ఆయన, లావుపాటి కళ్ళద్దాలు, మేం అద్దాల దాదా అనేవాళ్ళం. కొట్టు ముందు రెండు మెట్లు, పక్కన చాపంత అరుగు. అమ్మ కొంగు నిండా కప్పుకుని వెళ్ళి ఆ అరుగు అడిగింది. వెనకాల చేగోడీల డబ్బా పట్టుకుని నేను.

దాదా ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. మా వాళ్ళతో బేరాలాడి ఆడి ఆయనకి తెలుగు కొంచెం పట్టుబడింది, వదినా అని పిలవడం మాత్రం వాళ్ళ భాషలోనే. "బౌదీ, పూజ బజారు మొదలయ్యేదాకా కూర్చోండి. జనం ఆగితే ఉండిపోండి. ఆగకపోతే ఆ చోటు నాకు కావాలి. పూజలకి చీరలు బయట పరుచుకోవాలి" అన్నాడు. అంటే అటు నాన్నమ్మదీ ఇటు దాదాదీ ఒకటే గడువు.

మొదటి రోజు డబ్బా సాంతం ఖాళీ అయింది. రెండో రోజూ అంతే. అమ్మ మాత్రం ఒక్క పైసా ఇంటికి తేలేదు.

ఏమైందంటే, వచ్చినవాళ్ళంతా మా క్వార్టర్ల ఆడవాళ్ళు. అందరూ ఇంటి నించి గిన్నెలు తెచ్చారు. మా వాళ్ళలో పద్ధతి ఏమిటంటే, ఒకరింట్లో ఏదైనా వండితే గిన్నెలో పెట్టి పక్కింటికి పంపుతారు. ఆ గిన్నె తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రాకూడదు. మునక్కాడో, ముక్కల పులుసో, కనీసం గుప్పెడు బెల్లమో అందులో ఉండాలి. అమ్మ చేగోడీలు పెట్టింది. వాళ్ళు గిన్నెలు చాచారు. అమ్మ నింపింది. "ఎంతే?" అని ఒక్కరూ అడగలేదు. "ఇంత" అని చెప్పడానికి అమ్మకి నోరు రాలేదు. మర్నాటి నించి మా ఇంటికి గుమ్మడికాయ ముక్కలు, చారు, ఎండు చేపలు, అరటిపళ్ళు రావడం మొదలైంది. ఎవరూ మోసం చెయ్యలేదు. అందరూ నిజాయితీగా బదులు తీర్చారు. మేం వారం రోజులు గుమ్మడికాయ తిన్నాం. చిన్న తమ్ముడు గుమ్మడికాయ పేరెత్తితే ఏడ్చేవాడు.

నాన్నమ్మ వక్క నములుతూ అంది. "బజారెట్టినావా, పేరంటమెట్టినావా?"

అమ్మ పిండికి బియ్యం నానబోసింది.

పోనీ బెంగాలీ వాళ్ళు కొంటారా అంటే, అక్కడ ఇంకో చిక్కు. "కొతో కోరే?" అని ధర అడిగేవాళ్ళు. ఎనిమిది చేగోడీలు ఆరు పైసలు అని అమ్మ చెప్పేది. "చార్ పొయ్‌సా" అని నాలుగుకి అడిగేవాళ్ళు. అమ్మ తల అడ్డంగా ఊపేది. వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, పిలుస్తుందేమోనని. అమ్మ పిలిచేది కాదు.

దాదా కొట్టులోంచి ఇదంతా చూసేవాడు. ఒక రోజు మెట్టు మీదికి వచ్చి చెప్పాడు. "బౌదీ, ముందు ఎనిమిది పైసలు చెప్పండి. వాళ్ళు అయిదంటారు. ఆరు దగ్గర ఆగండి. వాళ్ళకీ సంతోషం, మీకూ సంతోషం."

"ఎనిమిదని సెప్పి ఆరుకిచ్చీసినాననుకో దాదా, ముందు సెప్పింది అబద్ధమే కదా. ఆ అబద్ధం నానెందుకాడాల?"

"అది అబద్ధం కాదు, బేరం. వాళ్ళకి రెండు పైసల గురించి కాదు. కొన్న తర్వాత ఏదో గెలిచామని ఇంటికెళ్ళాలి."

"గెలిపించడానికి ఇంకో దారి సూస్తాను. ధర మాత్రం మార్సను" అంది అమ్మ. మా అమ్మ మొండితనం అప్పుడు నాకు నచ్చలేదు. ఊరెళ్ళే బండి ఆవిడ కాదు కదా ఎక్కేది, నేను.

దారి ఎక్కడ దొరికిందంటే, మరమరాలు అమ్మేవాడి దగ్గర. ఒక మధ్యాహ్నం మా ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. మా వరసలో నోటికీ చేతికీ పెట్టింది పేరు. ఆవిడ చుట్టిన జంతిక గుండ్రంగా రూపాయి బిళ్ళలా ఉండేది, ఆవిడ తిట్టిన తిట్టు కూడా అంత పక్కాగా ఉండేది. అమ్మ ఆవిణ్ని అప్పా అని పిలిచేది. పెద్దమ్మ గిన్నె నిండా చేగోడీలు పట్టించుకుని, రెండడుగులు వేసి, మరమరాల వాడి దగ్గర ఆగింది. వాడు ఆవాల నూనె, పచ్చిమిరపకాయలు వేసి కలిపి, పాత కాగితంతో చేసిన సంచిలో పోసి ఇచ్చాడు. ఆ సంచిని అక్కడ ఠోంగా అంటారు. పెద్దమ్మ మారు మాట్లాడకుండా కొంగు ముడి విప్పి డబ్బులిచ్చింది.

అమ్మ కళ్ళు ఆ ఠోంగా మీదే ఉండిపోయాయి. "సూసినావే?" అని నన్ను పొడిచింది. "గిన్నెలో ఏస్తే సుట్టరికం. ఠోంగాలో ఏస్తే సరుకు. ఆడికి డబ్బులిచ్చినాది, నాకివ్వలేదు. అప్ప తప్పు కాదు, నాదే."

ఆ సాయంత్రం ఇంట్లో మైదా జిగురు ఉడికింది. నాన్న స్టోర్సు నించి ఎవరో పారేసిన పాత టైంటేబుళ్ళు, బెంగాలీ పేపర్లు తెచ్చాడు. అడుగు ఎలా మడవాలో అమ్మ చూపించింది, నేనూ తమ్ముళ్ళూ అతికాం. నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మడత వేసేవాడు. ఏ ఠోంగా మీద ఏ బండి టైము పడిందో చెప్పేవాడు. వేసవి తర్వాత నాన్న గొంతు అంతసేపు వినడం అదే మొదలు. మా చిన్న తమ్ముడు జిగురు నాకేశాడు. పుల్లగా ఉందని అందరికీ చెప్పాడు.

మర్నాడు మొదట వచ్చింది ఎదురింటి పెద్దమ్మే. గిన్నె చాచింది. అమ్మ ఆ గిన్నె అందుకుని పక్కన పెట్టేసింది. ఠోంగాలో ఎనిమిది లెక్కపెట్టి వేసి, ఎడమచేత్తో ఠోంగా ఇచ్చి, కుడిచెయ్యి చాచింది.

"ఆరు పైసలప్పా."

పెద్దమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "నాకేటి? నన్నడగతన్నావేటే డబ్బులు? నీ రెండో కానుపుకి పథ్యం వండిపెట్టింది నాను కాదేటే?"

"నువ్వే అప్పా. అందుకే నీ గిన్నె ఇంటికొస్తాది. ఇది బజారు."

పెద్దమ్మ ఠోంగాని అరుగు మీద విసిరేసి వెళ్ళిపోయింది. గిన్నె కూడా తీసుకెళ్ళలేదు. అమ్మ చెయ్యి చాచే ఉంది.  గోల్‌బజార్ నడిబొడ్డున మా అమ్మ అలా నిలబడి ఉంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గు పడ్డందుకు సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఎవరూ అమ్మతో మాట్లాడలేదు. బిందెలు జరిపారు గానీ పలకరించలేదు. అమ్మ నీళ్ళు పట్టుకుని వచ్చి, నువ్వులు వేయించి, బెల్లం వేసి చిమ్మిలి దంచింది. పెద్దమ్మ గిన్నె తోమి, దాన్నిండా చిమ్మిలి ఉండలు పెట్టి నా చేతికిచ్చింది. "ఎల్లి ఇచ్చిరా. ఏటైనా అంటే తలొంచుకుని విను. డబ్బులిస్తే ఒద్దను."

నేను భయపడుతూ వెళ్ళాను. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. వేడి నువ్వుల వాసన మా ఇద్దరి మధ్యా ఉంది. ఒక ఉండ తీసి కొరికింది. చాలాసేపు నమిలింది. "మీ యమ్మకి పొగరు" అంది. ఇంకో ఉండ నా చేతిలో పెట్టింది.

మూడు రోజులు మా వాళ్ళెవరూ అరుగు దగ్గరికి రాలేదు. నాలుగో రోజు పెద్దమ్మ వచ్చింది. చేతిలో గిన్నె లేదు. ఆరు పైసలు అరుగు మీద ఠక్కుమని పెట్టి, "ఓ ఠోంగా ఇయ్యి" అంది, బజారు మొత్తం వినేలాగ. ఆ తర్వాత మా క్వార్టర్ల వాళ్ళెవరూ గిన్నె తేలేదు. గిన్నెలు ఇళ్ళ మధ్య తిరుగుతూనే ఉన్నాయి, అరుగు మీదికి మాత్రం రాలేదు.

పెద్దమ్మ ఆరు పైసలిచ్చిన ఆ రోజే అమ్మ ఇంకో పని చేసింది. ఎనిమిదీ వేసి, ఠోంగా మూతి మడిచి ఇచ్చాక, డబ్బాలోంచి తొమ్మిదోది తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. కొసరు. పక్కన నిలబడి చూస్తున్న ఒక బెంగాలీ ఆవిడ వెంటనే, "ఆమాకేఓ ఫావ్ దేబేన్?" అంది. వాళ్ళ భాషలో ఫావ్ అంటే కొసరే. నాకూ ఇస్తావా అని అడుగుతోంది. ఇస్తానంది అమ్మ. ఆవిడ నాలుగు పైసలకి బేరమాడలేదు. ఆరూ ఇచ్చి, తొమ్మిదోదాన్ని అక్కడే నిలబడి తినేసి, గెలిచినట్టు నవ్వుతూ వెళ్ళింది. దాదా కొట్టులోంచి చూస్తూ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

ఇక్కడ నా వంతు గొప్ప కూడా చెప్పుకోవాలి. బడిలో అమ్మాయిలు నన్ను తాడాటలో చేర్చుకునేవాళ్ళు కాదు. ఒక రోజు డబ్బాలోంచి దొంగతనంగా ఇరవై చేగోడీలు పట్టుకెళ్ళి, ఒక్కొక్కరికీ ఒకటి పెట్టి ఆటలో చోటు కొనుక్కున్నాను. ఇంకోటి అడిగితే, "గోల్‌బజార్‌లో అద్దాల దాదా కొట్టు ముందుకి రండి" అన్నాను. శనివారం ఆ పిల్లలు వాళ్ళ అమ్మల చేతులు పట్టి లాక్కొచ్చారు. సుభాష్‌పల్లి అనే దూరపు పేట నించి కూడా వచ్చారు. దొంగతనం బయటపడి అమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది. సోమవారం బడికి బయల్దేరుతుంటే తనే ఇరవై చేగోడీలు పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది. "ఒక్కొక్కరికీ ఒకటే. రెండోది పెట్టేవంటే సంపుతాను" అంది. కొట్టిన దెబ్బ మాటేమిటని అడిగాను. అది దొంగతనానికి, ఇది యాపారానికి అంది.

ఆదివారాలు హిజ్లీ కాలేజీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. వాళ్ళల్లో తెలుగువాళ్ళు నలుగురైదుగురు. వాము వాసన తగలగానే వాళ్ళ మొహాలు మారిపోయేవి. ఒకడు ఒక ఠోంగా అక్కడే తిని, రెండోది చొక్కా లోపల దాచుకునేవాడు. హాస్టల్లో తోటివాళ్ళు లాక్కుంటారట.

అమ్మ ఒక్కత్తే చుట్టలేకపోయింది. పెద్దమ్మని పనికి రమ్మంది, ఇంత ఇస్తానని కూడా చెప్పింది. పెద్దమ్మ మళ్ళీ లేచింది. "కూలిస్తావేటే నాకు? ఊరికే వొచ్చి సుట్టలేనేటి? కూలి తీసుకున్నాక నీ గుమ్మంలో ఏ మొకంతో కూసుంటాను?"

"కూలి కాదప్పా, జీతం. సైరన్ కూసినాక వొస్తే నువ్వు డూటీలో ఉన్నట్టు. నాను సెప్పినట్టు సుట్టాల. మళ్ళీ సైరన్ కూసినాక నువ్వు నాకప్పవి. నన్ను తిట్టు, పడతాను."

డూటీ అన్న మాటకి పెద్దమ్మ ఆగిపోయింది. వాళ్ళాయన ముప్ఫై ఏళ్ళుగా డూటీకి వెళ్తున్నాడు. కొడుకు వెళ్తున్నాడు. ఆ మాట తన గురించి ఎవరూ అనలేదు.

మొదటి నాలుగు రోజులు సైరన్ కూసిన అరగంటకి వచ్చింది. వచ్చాక కబుర్లు. అయిదో రోజు అమ్మ సైరన్ కూశాక పది లెక్కపెట్టి తలుపు గడియ పెట్టేసింది. వర్క్‌షాపు గేటు కూడా అలాగే మూస్తారని మా అందరికీ తెలుసు. పెద్దమ్మ తలుపు బాదింది, మా ఏడు తరాలనీ తిట్టింది. అమ్మ లోపల ఒంటరిగా చేగోడీలు చుడుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ. గడియ తియ్యలేదు. మర్నాడు సైరన్ కూసేసరికి పెద్దమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉంది. కుళాయి దగ్గర ఎవరో పలకరిస్తే, "అడ్డు లెగు, నాకు డూటీకి లేటవుతన్నాది" అనడం నేను చెవులారా విన్నాను. తొలి జీతంతో ఆవిడ తనకోసం ఒక అద్దం కొనుక్కుంది.

ఈలోగా పాసు వచ్చేసింది. నాన్నమ్మ పేరు కింద నా పేరు. నాన్న దాన్ని గోడ మేకుకి గుచ్చాడు. రోజూ దాన్ని చూస్తూ జడ వేయించుకునేదాన్ని. దుకాణం నడుస్తోందని నాకు తెలుసు, అమ్మ కొంగు ముడి బరువెక్కిందని తెలుసు. అయినా నాన్నమ్మ ఏమీ అనలేదు. అమ్మ అడగలేదు. అంత పంతం ఇద్దరికీ.

పూజ బజారు మొదలైంది. గోల్‌బజార్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. దాదా చీరలు బయట పరిచాడు, అరుగుకి అటువైపు. ఇటువైపు అమ్మ. ఠోంగాలు కడుతూ నేను. "మీ దగ్గర ఆగినవాళ్ళు నా చీరలూ చూస్తున్నారు బౌదీ, కదలకండి" అన్నాడు. అంటే అరుగు మాదే. అమ్మ నావైపు చూసింది గానీ నవ్వలేదు. ఇంకా ఒకరు చెప్పాలి కదా.

ఆ సాయంత్రమే నాన్నమ్మ వచ్చింది. నాన్నమ్మ గోల్‌బజార్‌కి రావడం నేనెప్పుడూ చూడలేదు. గుంపులోంచి మెల్లగా, ఎవర్నీ తోసుకోకుండా, వరసలో నిలబడి వచ్చింది. ఆవిడ చేతిలో మా ఇంటి కంచు గిన్నె ఉంది.

అమ్మ చేతిలో ఠోంగా ఆగిపోయింది.  కొట్టు పెట్టిన కోడలు, ఇంటి పెద్దావిడ, చేతిలో గిన్నె. ఇప్పుడు గిన్నె నింపితే ఇన్నాళ్ళు పడిందంతా వట్టిదే. నింపకపోతే అత్తగారిని బజార్లో అవమానించినట్టే. నాకు గోడ మీది పాసు కళ్ళముందు ఆడింది. ఒక్క గిన్నె నింపెయ్యమ్మా అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

అమ్మ గిన్నె అందుకుని కళ్ళకద్దుకుంది. పక్కన పెట్టింది. ఠోంగాలో ఎనిమిది వేసింది. ఇచ్చింది. చెయ్యి చాచింది. 

"ఆరు పైసలత్తా."

నాన్నమ్మ ఆ చేతిని చూస్తూ నిలబడింది. తర్వాత బొడ్డు సంచి తీసి, వెతికి వెతికి, ఆరు పైసల లెక్కకి సరిపోయే ఒక పాత అణా బిళ్ళ తీసి అమ్మ చేతిలో పెట్టింది. ఠోంగా తీసుకుని అక్కణ్నించి కదల్లేదు. తన చెయ్యి చాచింది.

"కొసరెయ్యవేటే?"

అమ్మ తొమ్మిదోది తీసి ఆ చేతిలో పెట్టింది. నాన్నమ్మ ముందు పళ్ళతో కాకుండా పక్క పళ్ళతో కొరికింది. "వాము సరిపోనాది" అంది. గిన్నె తీసుకుని గుంపులోకి వెళ్ళిపోయింది.

మేం డబ్బా ఖాళీ చేసుకుని ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. గోడ మేకుకి పాసు లేదు. నాన్న చేతిలో ఉంది. "పొద్దుట ఆఫీసుకెల్లి గుంట పేరు కొట్టించెయ్. నానొక్కద్దాన్నే ఎల్తాను" అంటోంది నాన్నమ్మ. నాన్న సరేనన్నాడు. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ కాళ్ళు కడుక్కుని, అలవాటుగా వంటగదిలోకి వెళ్ళబోయింది. నాన్నమ్మ అడ్డం వచ్చింది. గోడవార పీట వేసి ఉంది. పీట ముందు ఆ కంచు గిన్నె, దాన్నిండా వేడన్నం, మధ్యలో పులుసు. మా ఇంట్లో ఇంజను దిగి వచ్చినప్పుడు నాన్నకి అలా పెట్టేవారు. అమ్మకి ఇంకొకరు వడ్డించడం నేనెప్పుడూ చూడలేదు. నాన్నమ్మ వడ్డించడం అసలే చూడలేదు.

"డూటీ నించి వొచ్చినావు. కూసుని తిను" అంది.

అమ్మ కూర్చుంది. మొదటి ముద్ద కలిపి, అలాగే చేతిలో పట్టుకుని చాలాసేపు తినలేకపోయింది.

నేను ఆ బండి ఎక్కలేదు. ఖరగ్‌పూర్‌లోనే చదివాను, అక్కడే బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అరుగు ఎప్పుడో పోయింది, దాదా పోయాడు, అందరూ పోయారు. మనవడికి ఈ కథంతా చెప్పాక, వాడు పుస్తకం మూశాడు. తర్వాత పొట్లంలో మిగిలిన చేగోడీలు తన చేతిలోకి ఒంపుకుని, ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. వాము లేకపోయినా తిన్నాను.